ఆస్ట్రేలియాలో చివరి వారం: తిరుగు ప్రయాణానికి దంపతులు ఏ పని ముందు చూసుకోవాలి?

మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో పిల్లల దగ్గర నెలల తరబడి ఉన్న తల్లిదండ్రులు, పెళ్లయిన కొత్తలో తిరగడానికి వచ్చిన జంటలు, రిటైరయ్యాక తీరిగ్గా అంతా చూద్దామని వచ్చినవాళ్లు, అందరూ చివర్లో ఒకటే అడుగుతారు: "ఇంకో వారంలో ఫ్లైట్. ఏ పని ముందు పెట్టుకోవాలి?"

గడువున్న పనులు ముందు చేయండి, బరువుకు సంబంధించినవి ఆ తర్వాత. చివరి రెండు రోజులు మీ ఇద్దరికీ ఖాళీగా ఉంచుకోండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. చూడకుండా మిగిలిపోయిన చోట్లన్నీ ఆఖరి వారంలో ఇరికించి, బిల్లులు వెతకడం, పెట్టెలు తూచడం, కారు అప్పగించడం చివరి రాత్రికి వదిలేస్తారు. నెలల తరబడి హాయిగా తిరిగినవాళ్లు ఆ ఒక్క రాత్రి టెన్షన్‌తో ఒకరి మీద ఒకరు విసుక్కుంటారు. కాబట్టి కింది పనులను ఇదే వరసలో చేయండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

ఇద్దరి పాస్‌పోర్టులు, వీసా మంజూరు లెటర్లు, టికెట్ల ప్రింట్, ఇన్సూరెన్స్ కాగితాలు, షాపింగ్ బిల్లులన్నీ వేసుకునే ఒక కవరు, లగేజీ తూచే చిన్న చేతి కాటా, క్రెడిట్ కార్డు, ఇండియా నంబర్ సిమ్. ఎవరి కాగితాలు వాళ్ల బ్యాగులో ఉండాలి. అన్నీ ఆయన దగ్గరే ఉంటే, సెక్యూరిటీ దగ్గర ఇద్దరూ వేర్వేరు లైన్లలో పడినప్పుడు ఆవిడ చేతిలో పాస్‌పోర్టు కూడా ఉండదు. ముఖ్యమైన కాగితాల ఫొటోలు ఇద్దరి ఫోన్లలోనూ ఉంచండి.

1. వీసా గడువు చూడండి (పది రోజుల ముందు)

సబ్‌క్లాస్ 600 విజిటర్ వీసాలో రెండు లెక్కలుంటాయి: ఏ తేదీలోపు దేశంలోకి రావచ్చు, వచ్చిన ప్రతిసారీ ఎన్నాళ్లు ఉండవచ్చు. మూడేళ్ల వీసా ఉన్నా ఒక్కోసారికి మూడు నెలలే అనుమతి ఉండవచ్చు. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. మూడు నెలలంటే వచ్చిన తేదీ నుంచి లెక్క. మీరు మధ్యలో న్యూజిలాండ్ వెళ్లొచ్చి ఉంటే, తిరిగొచ్చిన రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది.

సరిచూసుకోవడానికి వీసా వివరాలు చూపించే ఆస్ట్రేలియా ప్రభుత్వ ఆన్‌లైన్ సేవ వీవో (VEVO)లో పాస్‌పోర్టు వివరాలు ఇవ్వండి, ఉండగలిగే చివరి తేదీ కనిపిస్తుంది. ఇద్దరికీ విడివిడిగా చూడండి. ఒకే రోజు అప్లై చేసినా ఇద్దరికీ ఒకే షరతులు వచ్చాయని అనుకోవద్దు. షరతుల్లో 8503 ఉంటే, దేశంలో ఉండగానే ఇంకో వీసాకు అప్లై చేయడం మామూలుగా కుదరదు. ఆరోగ్యం బాగోకో, ఫ్లైట్ రద్దయ్యో గడువు దాటేలా ఉంటే, దాటకముందే ఇమిగ్రేషన్ శాఖను సంప్రదించాలి. గడువు దాటి 28 రోజులకు మించి ఉండిపోతే, ఆ తర్వాత మూడేళ్లపాటు తాత్కాలిక వీసా రాకుండా ఆంక్ష పడవచ్చు.

2. టికెట్ మళ్లీ చదవండి

రాత్రి 12 దాటాక బయలుదేరే ఫ్లైట్లతో తేదీ పొరపాటు తరచూ జరుగుతుంది. 15వ తేదీ 00:30 అని ఉంటే, మీరు ఎయిర్‌పోర్టుకు వెళ్లాల్సింది 14 రాత్రి.

రెండోది గడియారం. సిడ్నీ, మెల్‌బోర్న్, అడిలైడ్, హోబర్ట్‌లలో అక్టోబర్ మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం వరకు గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. బ్రిస్బేన్, కెయిన్స్ ఉన్న క్వీన్స్‌లాండ్‌లో జరపరు. అంటే డిసెంబరులో కెయిన్స్ నుంచి సిడ్నీకి వస్తే ఒక గంట పోతుంది. ఇండియాతో తేడా సిడ్నీలో మామూలుగా నాలుగున్నర గంటలు, ఆ నెలల్లో ఐదున్నర. హైదరాబాద్‌లో ఎవరైనా మిమ్మల్ని తీసుకెళ్లడానికి వస్తుంటే, దిగే టైమ్‌ను ఇండియా టైమ్‌లోనే చెప్పండి.

ఇప్పుడే చేయాల్సిన ఇంకో రెండు పనులు:

- పెద్దవాళ్లకు వీల్‌చెయిర్ సాయం కావాలంటే కనీసం 48 గంటల ముందు ఎయిర్‌లైన్‌కు చెప్పండి. నడవగలిగినవాళ్లకైనా మోకాళ్ల నొప్పులుంటే అడగడానికి మొహమాటపడొద్దు. ఫ్లైట్ మారే ఎయిర్‌పోర్టులో కూడా కావాలని స్పష్టంగా చెప్పాలి.
- ఇన్సూరెన్స్ ఏ రోజుతో ముగుస్తుందో చూడండి. బయలుదేరే రోజు వరకే ఉంటే, ఇంటికి చేరే రోజు దాకా పొడిగించండి. ఇండియా నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడి మెడికేర్ వర్తించదు. ఇక్కడ డాక్టర్‌కు చూపించుకుని ఉంటే, బిల్లు, రిపోర్టు ఊరు వదలకముందే తీసుకోండి. వెళ్లాక తెప్పించుకోవడం చాలా కష్టం.

3. చివరి పెద్ద ట్రిప్‌కు ఒక గీత గీయండి

అంతర్జాతీయ ఫ్లైట్‌కు కనీసం రెండు పూర్తి రోజుల ముందే మీరు ఫ్లైట్ ఎక్కే ఊళ్లో ఉండాలి. ఉదయం కెయిన్స్‌లో ఎక్కి, మధ్యాహ్నం సిడ్నీలో దిగి, రాత్రికి ఇండియా ఫ్లైట్ పట్టుకోవడం కాగితం మీద బాగానే ఉంటుంది. రెండూ వేర్వేరు టికెట్లయితే, మొదటిది ఆలస్యమై రెండోది పోయినప్పుడు ఆ బాధ్యత ఎవరూ తీసుకోరు. ఉత్తరాన నవంబర్ నుంచి ఏప్రిల్ వరకు తుపాన్ల కాలం కూడా.

గ్రేట్ బారియర్ రీఫ్‌లో స్కూబా డైవింగ్ చేయాలనుకుంటే ఈ ట్రిప్‌ను ఇంకా ముందుకు జరపండి. డైవ్ చేశాక శరీరంలో కరిగి ఉన్న నైట్రోజన్ పూర్తిగా బయటికి పోకుండా విమానం ఎక్కితే ప్రమాదం. ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఎక్కువ డైవ్‌లు చేస్తే 18 గంటలు ఆగాలంటారు. 24 గంటలు ఆగడం అన్నిటికన్నా మంచిది. హెలికాప్టర్ రైడ్‌కూ ఇదే వర్తిస్తుంది. నీటి పైన తేలుతూ చూసే స్నార్కెలింగ్‌కు ఈ ఇబ్బంది లేదు. ఆఖరి రోజుల్లో రీఫ్ చూడాలంటే అదే ఎంచుకోండి.

మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్లు ఆఖరి రోజు గ్రేట్ ఓషన్ రోడ్ పెట్టుకోవద్దు. ట్వెల్వ్ అపోస్టల్స్ అనే సముద్రపు రాతి స్తంభాల దాకా సముద్రం పక్కన రోడ్డులో వెళ్లి రావడానికి పొద్దున్నుంచి రాత్రి దాకా పడుతుంది. ఫిలిప్ ఐలాండ్ పెంగ్విన్లూ అంతే. అవి ఒడ్డుకొచ్చేది సూర్యాస్తమయం తర్వాతే. డిసెంబరులో పొద్దుగుంకేది రాత్రి ఎనిమిదిన్నర దాటాక, అక్కడి నుంచి ఊరికి సుమారు 140 కిలోమీటర్లు. మర్నాడు ఫ్లైట్ పెట్టుకుని అర్ధరాత్రి దాకా కారు నడపడం ఎందుకు?

4. షాపింగ్, జీఎస్టీ రీఫండ్

ఎక్కువ ప్రశ్నలు వచ్చేదీ, ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేదీ ఇక్కడే. ఆస్ట్రేలియాలో కొన్న వస్తువుల మీద కట్టిన 10 శాతం జీఎస్టీని, వాటిని దేశం బయటికి తీసుకెళ్లేటప్పుడు వెనక్కి ఇస్తారు. దీన్ని టూరిస్ట్ రీఫండ్ స్కీమ్ (టీఆర్ఎస్) అంటారు. షరతులు ఇవి:

- ఒకే వ్యాపార సంస్థ దగ్గర మొత్తం 300 డాలర్లు లేదా అంతకన్నా ఎక్కువ కొనాలి. ఒకే బిల్లు కానక్కర్లేదు. అన్ని బిల్లుల మీదా ఒకే ఏబీఎన్, అంటే ఆ సంస్థ 11 అంకెల నంబర్, ఉండాలి.
- బయలుదేరడానికి ముందు 60 రోజుల్లో కొన్నవే చెల్లుతాయి. ఆరు నెలలు ఉండి వెళ్లేవాళ్లు ఖరీదైన వస్తువులు చివరి నెలలో కొనుక్కోండి.
- టాక్స్ ఇన్‌వాయిస్ ఉండాలి. కార్డు స్లిప్ చెల్లదు. 1,000 డాలర్లు లేదా ఆ పైన ఉంటే బిల్లు మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు ఉండాలి. ఇంటిపేరు పూర్తిగా రాయించండి.
- డబ్బు కట్టిన మనిషే వస్తువును తీసుకెళ్లాలి, క్లెయిమ్ చేయాలి.

చివరి షరతు దంపతులు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఒకే షాపులో ఆయన తన కార్డుతో 160 డాలర్లకు, ఆవిడ తన కార్డుతో 170 డాలర్లకు కొంటే ఇద్దరిలో ఎవరికీ రీఫండ్ రాదు. అదే 330 డాలర్లూ ఒకరే కట్టి, ఒకరి పేరు మీద బిల్లు తీసుకుంటే 30 డాలర్లు వెనక్కి వస్తాయి. జీఎస్టీ ధరలోనే కలిసి ఉంటుంది కాబట్టి మొత్తాన్ని 11తో భాగిస్తే రీఫండ్ ఎంతో తెలుస్తుంది. 1,100 డాలర్ల ల్యాప్‌టాప్‌కు 100 డాలర్లు. అబ్బాయి ప్రేమగా తన కార్డుతో కొనిస్తానంటే, "కార్డు మాది గీకుతాం, తర్వాత లెక్క చూసుకుందాం" అనండి.

హోటల్, టూర్, గిఫ్ట్ కార్డులు, సగం వాడేసిన తినుబండారాలు, వైన్ కాకుండా ఇతర మద్యానికి రీఫండ్ లేదు.

వివరాలను ముందే టీఆర్ఎస్ యాప్‌లో ఎక్కించుకుంటే ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది, కౌంటర్ దగ్గర చాలా టైమ్ కలిసొస్తుంది. డబ్బు జమ కావడానికి క్రెడిట్ కార్డు నంబర్ ఇవ్వండి. డెబిట్ కార్డు, ఫారెక్స్ కార్డు నంబర్లు ఇవ్వొద్దు.

ఖరీదైన వస్తువు కొనేముందు ఇండియా వైపు కూడా చూడాలి. సుంకం లేకుండా తెచ్చుకునే పరిమితిని మన కస్టమ్స్ వెబ్‌సైట్‌లో చూసి లెక్కవేసుకోండి. ఇద్దరి పరిమితులను కలిపి ఒక వస్తువుకు వాడుకోనివ్వరు.

ఏం కొనాలని అడిగేవాళ్లకు: మకడేమియా గింజలు, టిమ్ టామ్ బిస్కెట్లు, ఉన్ని వస్తువులు మంచి ఎంపిక. 'అగ్' అనేది ఇక్కడ ఆ రకం గొర్రెతోలు బూట్లన్నిటికీ వాడే పేరు. కాబట్టి ఆ పేరు చూసి ఇక్కడే తయారైందనుకోవద్దు, పచ్చటి త్రికోణంలో బంగారు రంగు కంగారూ గుర్తు కోసం చూడండి. ఒపల్ రాయి కొంటే, అది మొత్తం ఒకే రాయా, లేక పలచటి ఒపల్ పొరను వేరే దాని మీద అతికించిన డబ్లెట్, ట్రిప్లెటా అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి. ధరలో తేడా చాలా ఉంటుంది.

5. పెట్టెలు సర్దడం (మూడు రోజుల ముందు)

ఒకే బుకింగ్‌లో ఉంటే కొన్ని ఎయిర్‌లైన్లు ఇద్దరి బరువును కలిపి చూస్తాయి. అయినా ఏ ఒక్క పెట్టె 32 కిలోలు దాటకూడదు. ప్రతి పెట్టెలో ఇద్దరి బట్టలూ కొన్ని పెట్టండి. ఒక పెట్టె ఆలస్యమైనా ఇద్దరికీ కట్టుకోవడానికి ఉంటాయి.

చేతిలో ఉండాల్సినవి: మందులు, ప్రిస్క్రిప్షన్, నగలు, పవర్‌బ్యాంకులు, రీఫండ్ అడిగే వస్తువులు. పవర్‌బ్యాంకు చెక్-ఇన్ పెట్టెలో ఉంటే తెరిచి తీసేస్తారు.

పెట్టెలో వేయాల్సినవి: తేనె, జామ్, వెజిమైట్, పీనట్ బటర్. ఇవి ముద్దగా ఉన్నా సెక్యూరిటీ లెక్కలో ద్రవాలే. 100 మిల్లీలీటర్లు దాటితే చేతి బ్యాగులో ఒప్పుకోరు. కాఫీ పొడి, పాలపొడి లాంటి తినే పొడులకు పరిమితి లేదు, ఉప్పు లాంటి వాటికి 350 మిల్లీలీటర్ల వరకే. అనుమానమొస్తే పెట్టెలో పడేయండి.

అసలు తీసుకెళ్లకూడనివి: పగడపు ముక్కలు, జాతీయ పార్కుల్లో ఏరిన రాళ్లు, గవ్వలు. ఉలురు అనే పెద్ద ఎర్రరాతి కొండ దగ్గరి మట్టి గుప్పెడైనా తీసుకెళ్లడం నేరం. ఆ నేల అక్కడి అనంగు ప్రజలకు పవిత్రమైనది. మన కొండ గుళ్లకు మనమిచ్చే గౌరవమే దానికీ ఇద్దాం.

బరువు ఎక్కువైతే మూడు దారులు. అదనపు బరువును ఎయిర్‌పోర్టులో కాకుండా ఆన్‌లైన్‌లో ముందే కొనండి, మామూలుగా తక్కువ పడుతుంది. దళసరి కోటు, బూట్లు వేసుకుని ఎక్కండి. ఇక్కడ వాడటానికి కొన్న దుప్పట్లు, గిన్నెలను విన్నీస్, సాల్వోస్ లాంటి ఆప్ షాపుల్లో (సేవా సంస్థలు నడిపే పాత వస్తువుల దుకాణాల్లో) ఇచ్చేయండి, అవి లేనివాళ్లకు పనికొస్తాయి.

సరైన తూకానికి: కాటా మీద అర కిలో తక్కువే చూపించేలా సర్దండి.

6. అద్దె కారు ఒక రోజు ముందే అప్పగించండి

సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ టోల్ రోడ్లలో డబ్బు కట్టే గేట్లు ఉండవు, కెమెరాలే నంబర్ చదువుతాయి. కారులో టోల్ ట్యాగ్ ఉందా, కంపెనీయే మీ కార్డు నుంచి తీసుకుంటుందా అని అడగండి. ట్యాగ్ ఉన్నా మీరు వేరే పాస్ కొంటే రెండుసార్లు కట్టే ప్రమాదం ఉంది. రెండూ లేకపోతే టోల్ కట్టే గడువు కొద్ది రోజులే, ఆలస్యమైతే టోల్ కంటే అదనపు ఫీజే ఎక్కువవుతుంది.

ట్యాంకు నింపిన బిల్లు ఉంచండి. పెట్రోల్ ముల్లు, కిలోమీటర్ల అంకె, నాలుగు వైపులా కారు, టైర్లు, లోపలి సీట్లు వీడియో తీయండి. మనిషి లేనప్పుడు తాళం డబ్బాలో వేసి రావాల్సొస్తే ఈ వీడియోనే మీకు సాక్ష్యం. అందుకే పగలు, మనిషి ఉండగా ఇవ్వమంటాను.

7. డబ్బు, సిమ్

నాణేలు ఇండియాలో మారవు. సూపర్‌మార్కెట్‌లో నోట్లు, నాణేలు తీసుకునే సెల్ఫ్ చెకౌట్ మెషిన్‌లో వాడేయండి. 10,000 ఆస్ట్రేలియన్ డాలర్లు లేదా అంతకు మించి నగదు తీసుకెళ్తుంటే డిక్లేర్ చేయాలి. ఆస్ట్రేలియా సిమ్‌కు ఆటో రీచార్జ్ ఆపేయండి. ఇండియా సిమ్‌కు రోమింగ్ పనిచేస్తోందో లేదో ఒక ఓటీపీ తెప్పించుకుని చూడండి.

8. ఆ రెండు రోజులు

సిడ్నీలో ఉంటే సర్క్యులర్ కీ నుంచి మ్యాన్లీ ఫెర్రీ ఎక్కండి. అరగంట ప్రయాణం, ఒపెరా హౌస్, హార్బర్ బ్రిడ్జ్ రెండూ నీటి మీద నుంచి కనిపిస్తాయి. ఫెర్రీ, రైలు దేనికైనా ఇద్దరూ వేర్వేరు కార్డులు తట్టాలి, ఒకే కార్డుతో ఇద్దరికి కుదరదు. హెలెన్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లాలంటే ఊరికి దక్షిణంగా దాదాపు గంట దూరం, సగం రోజు పెట్టుకోండి. మెల్‌బోర్న్‌లో కారమ్ డౌన్స్ శివ విష్ణు ఆలయం ఉంది. క్వీన్ విక్టోరియా మార్కెట్‌కు వెళ్తే సోమ, బుధవారాలు సెలవని గుర్తుంచుకోండి. ఊరి మధ్య ట్రామ్‌లు ఉచితం. బొటానిక్ గార్డెన్‌లో ఒక మధ్యాహ్నం ఊరికే కూర్చున్నా చాలు. కొత్తది ఏదీ చూడకుండా, మీకిద్దరికీ బాగా నచ్చిన చోటికే మళ్లీ వెళ్లినా తప్పులేదు. నేనైతే అదే ఎంచుకుంటాను.

9. ఎయిర్‌పోర్టులో వరస

మూడు గంటల ముందు చేరండి, రీఫండ్ పని ఉంటే ఇంకో అరగంట కలపండి. సిడ్నీలో ఎయిర్‌పోర్టు స్టేషన్‌కు మామూలు చార్జీ కాక మనిషికి స్టేషన్ ఫీజు కూడా అదనంగా పడుతుంది. ఇద్దరు, నాలుగు పెట్టెలు అయితే టాక్సీతో పోల్చి చూడండి. వారాంతాల్లో మరమ్మతుల కోసం రైళ్లు ఆపి బస్సులు నడుపుతుంటారు, ముందురోజే చూసుకోండి. మెల్‌బోర్న్ ఎయిర్‌పోర్టుకు రైలు లేదు, సదరన్ క్రాస్ స్టేషన్ నుంచి స్కైబస్ ఉంది.

1. పెట్టెలో వేయాల్సిన వైన్ లాంటి వాటికి రీఫండ్ కావాలంటే చెక్-ఇన్‌కు ముందే బోర్డర్ ఫోర్స్ (అక్కడి కస్టమ్స్ విభాగం) కౌంటర్‌లో చూపించాలి. పెట్టె బెల్టు మీదకు వెళ్లాక చూపించడానికి ఏమీ ఉండదు.
2. చెక్-ఇన్‌లో పెట్టెల ట్యాగ్ మీద చివరి ఊరు చదవండి. సింగపూర్ లేదా కౌలాలంపూర్ మీదుగా ఒకే టికెట్ అయితే హైదరాబాద్ అని ఉండాలి. ఢిల్లీలో దిగి దేశీయ ఫ్లైట్ ఎక్కేవాళ్లు సాధారణంగా అక్కడే పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ ఇవ్వాలి.
3. సెక్యూరిటీ, పాస్‌పోర్టు తనిఖీ. దేశం విడిచేటప్పుడు నింపే కార్డును 2017లోనే తీసేశారు.
4. రీఫండ్ కౌంటర్. పాస్‌పోర్టు, బోర్డింగ్ పాస్, బిల్లు, వస్తువు నాలుగూ చేతిలో ఉండాలి. ఫ్లైట్ టైమ్‌కు 30 నిమిషాల ముందే క్లెయిమ్‌లు ఆపేస్తారు. డ్యూటీ ఫ్రీ షాపులు ఆ తర్వాత చూసుకోండి.

10. ఇంటికి చేరాక

రీఫండ్ 60 రోజుల్లోపు వస్తుంది, కాబట్టి క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లు రెండు నెలలు చూడండి. కారు డిపాజిట్ వెనక్కి వచ్చిందా, తర్వాత టోల్, స్పీడ్ ఫైన్ ఏమైనా పడ్డాయా అన్నదీ అందులోనే తెలుస్తుంది. మీది కాని చార్జీ కనిపిస్తే కారు వీడియో, పెట్రోల్ బిల్లు జత చేసి అదే వారం మెయిల్ పెట్టండి. మిగిలిన విదేశీ నోట్లలో 2,000 అమెరికన్ డాలర్ల విలువ దాకా దగ్గర ఉంచుకోవచ్చు, ఆపైన ఉన్నదాన్ని తిరిగొచ్చిన 180 రోజుల్లోపు బ్యాంకులో మార్చేయాలి. రీఫండ్ తీసుకున్న వస్తువును మళ్లీ ఎప్పుడైనా ఆస్ట్రేలియాకు తీసుకొస్తుంటే, ఆ బిల్లు పారేయకండి. అలాంటి వస్తువుల విలువ మొత్తం 900 డాలర్లు దాటితే అక్కడ దిగగానే డిక్లేర్ చేయాలి.